రెఫరల్ కమీషన్: రోగి అప్పులోంచి వాటా, చట్టంలో సందు

గోరంట్ల లాంటి కరువు మండలంలో కూలికి పోయే దళిత కుటుంబానికి జబ్బు చేస్తే మొదట తొక్కే గడప ఊరి ఆర్‌ఎంపీదే. జబ్బు ముదిరితే హిందూపురమో, అనంతపురమో, బెంగళూరో పోవాలి. ఏ ఆసుపత్రికి, ఏ ల్యాబుకు పోవాలో చెప్పేదీ చాలాసార్లు ఆయనే. ఆ మాట వెనక కమీషన్ ఉంటే, ఆసుపత్రి దాన్ని తన లాభంలోంచి ఇవ్వదు. అక్కర్లేని స్కానింగులోనో, పెంచిన బిల్లులోనో కలిపి రోగి దగ్గరే రాబడుతుంది. వడ్డీకి తెచ్చిన అప్పులోంచే ఆ వాటా పోతుంది.

చట్టం ఏమంటోంది?

2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోని 6.4 నిబంధన ప్రకారం రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ ఇవ్వకూడదు, తీసుకోకూడదు, అడగకూడదు. పరీక్షలకు పంపడానికీ ఇదే వర్తిస్తుంది. తప్పు రుజువైతే వైద్య మండలి రిజిస్టరు నుంచి పేరు తొలగించవచ్చు. ప్రభుత్వ డాక్టరు డబ్బు తీసుకుని రోగులను ప్రైవేటుకు మళ్లిస్తే అది లంచమే. అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 7 కింద 3 నుంచి 7 ఏళ్ల జైలు.

మందుల కంపెనీలు డాక్టర్లకిచ్చే కానుకలను వ్యాపార ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవడం కుదరదని అపెక్స్ లేబొరేటరీస్ కేసులో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఖర్చు చివరికి మందు ధరలో చేరి రోగి మీదే పడుతుందని కూడా గుర్తించింది.

సందు ఎక్కడ?

వృత్తి నియమావళి రిజిస్టరైన డాక్టర్లకే వర్తిస్తుంది. కమీషన్ పంచే ఆసుపత్రి యాజమాన్యానికి కాదు, ఆర్‌ఎంపీకీ కాదు. అర్హత లేకుండా వైద్యం చేసినందుకు జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019 సెక్షన్ 34 కింద ఆర్‌ఎంపీకి ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడవచ్చు. అతనికి డబ్బిచ్చిన యాజమాన్యం మాత్రం పక్కకు తప్పుకోగలదు. అమెరికాలో అలా కాదు. ప్రభుత్వ ఆరోగ్య పథకాల సొమ్ముతో నడిచే వైద్యంలో కమీషన్ ఇచ్చినవారికీ, తీసుకున్నవారికీ 10 ఏళ్ల వరకు జైలు. మన ఎన్టీఆర్ వైద్య సేవదీ ప్రజల సొమ్మే. యాజమాన్యాలనూ బోనెక్కించే చట్టం కావాలని మనం అడగాలి.

ఇప్పుడు చేయగలిగింది

ప్రతి పరీక్షకూ విడివిడిగా బిల్లు అడగండి. రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని అదే నియమావళి చెబుతోంది. డాక్టరు మీద రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. ఆసుపత్రి అక్రమంగా వసూలు చేస్తే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కమీషన్‌కు రసీదు ఉండదు. దాని జాడ దొరికేది బిల్లులోనే, కాబట్టి ఏ కాగితాన్నీ పారేయకండి.