మల్లె తోటలకు శీతకాలపు విశ్రాంతి అవసరం

వేసవిలో మార్కెట్టుకు చేరే మల్లెపూల దిగుబడి, శీతకాలంలో తోట పట్ల వహించే శ్రద్ధపైనే ఆధారపడి ఉంటుంది. ఒకసారి నాటిన మల్లె మొక్క సరియైన యాజమాన్యంలో 10 నుండి 15 సంవత్సరాల పాటు పూలనిస్తుంది. ఏటా విశ్రాంతి, కత్తిరింపు లభించని మొక్క మాత్రం ఆకుతో గుబురుగా పెరిగి, పూలు తగ్గిపోతుంది. మొక్క ముసలిదైనదని భావించి, ఇంకా పూయగల తోటను తొలగించిన రైతుకు కొత్త మొక్కలు పూతకు వచ్చే వరకు ఆదాయం ఉండదు.

మల్లెలో మొగ్గలు కొత్త చిగుళ్ళ చివరన ఏర్పడతాయి. పాత కొమ్మలు ఎంత దట్టంగా ఉన్నా వాటి వల్ల పూత పెరగదు. కావున ప్రాంతాన్ని బట్టి నవంబరు చివరి నుండి జనవరి మధ్య కాలంలో ముందుగా నీటి తడులు ఆపి మొక్కను వాడనివ్వాలి. ఆకులు రాలుట ప్రారంభమైన పిదప నేల నుండి 45 నుండి 50 సెంటీమీటర్ల ఎత్తులో కొమ్మలను కత్తిరించి, ఎండు కొమ్మలను, తెగులు సోకిన భాగాలను పూర్తిగా తీసివేయాలి. కొన్ని ప్రాంతాలలో కత్తిరింపుకు ముందు తోటలలో గొర్రెలను, మేకలను వదలి ఆకు మేపించే ఆచారం కూడా ఉన్నది.

పెరటిలో మల్లెను పెంచుకునే గృహస్థులకు ఈ కత్తిరింపు కొంత కఠినంగా తోచవచ్చును. పచ్చని కొమ్మను కోయుటకు మనసొప్పక శీతకాలమంతా నీరు పోసిన వారి పాదులో ఆకులే మిగులుతాయి. కుండీలలోని మొక్కలకు సైతం ఇదే పద్ధతి వర్తిస్తుంది. నీడలో ఉంచిన కుండీ ఎన్ని ఎరువులు వేసినా సరిగా పూయదు.

కత్తిరింపు పూర్తి కాగానే పాదులు తవ్వి, మొక్కకు 10 కిలోల పశువుల ఎరువుతో పాటు రసాయన ఎరువులు వేసి నీరు కట్టాలి. సంవత్సరానికి మొక్కకు 60 గ్రాముల నత్రజని, 120 గ్రాముల చొప్పున భాస్వరం, పొటాష్ అవసరం. వీటిలో సగం ఇప్పుడు, మిగిలిన సగం జూన్, జూలై నెలలలో వేయాలి. సున్నం అధికంగా గల నేలల్లో లేత ఆకులు పసుపు రంగుకు మారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయాలి.

ఎన్.టి.ఆర్. జిల్లా మైలవరం పరిసరాలు మల్లె సాగుకు పేరొందినవి. కొత్తగా నాటదలచిన వారికి తూర్పుగోదావరి జిల్లా కడియం నర్సరీలలో మొక్కలు లభిస్తాయి.

మొగ్గ తొలిచే పురుగు ఆశించిన మొగ్గలను ఏరి నాశనం చేయాలి. కోసిన మల్లె ఆ రోజే జడలోకి, పూజకు చేరుతుంది. కనుక పురుగుమందు చల్లవలసి వచ్చినపుడు డబ్బాపై సూచించిన గడువు ముగిసే వరకు పూలు కోయరాదు. పూర్తిగా ఎదిగి ఇంకా విచ్చుకోని మొగ్గలను తెల్లవారుజామున కోసి, ఎండ ముదరక ముందే మార్కెట్టుకు తరలించాలి.