పికప్ ట్రక్కులో పాట: అదనపు డబ్బుకు దక్కేదేమిటి?

ఢిల్లీ, గురుగ్రాం రోడ్ల మీద సరుకులు మోసే పికప్ ట్రక్కులతోపాటు, కుటుంబంతో తిరగడానికి కొన్న పికప్‌లు కూడా కనిపిస్తాయి. వాటిలో ఇసుజు వి-క్రాస్ మన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలోనే తయారవుతుంది. అమెరికాలో 2019 నమూనా రామ్ 1500 పికప్‌ను 6 స్పీకర్లతో కొనుక్కునే వీలుండేది, లేదా ఎక్కువ ధర చెల్లించి 19 స్పీకర్లు, 900 వాట్ల 'ప్రీమియం' ఆడియోతో తీసుకునే వీలుండేది. మన దేశంలో 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 కూడా పై రకంలో 12 స్పీకర్లు ఇచ్చింది. స్పీకర్లు రెట్టింపైతే పాట రెట్టింపు బాగుంటుందా? భౌతికశాస్త్రాన్ని అడుగుదాం.

వాట్ల లెక్క

ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 14.4 వోల్టులు ఉంటాయి. స్పీకర్ నిరోధం 4 ఓములు అనుకోండి. 14.4ను వర్గం చేసి 4తో భాగిస్తే దాదాపు 52 వాట్లు. మామూలు స్టీరియో మీద రాసే '50 వాట్లు' ఇదే. అయితే ఇది క్షణకాలపు గరిష్ఠం. నిలకడగా అందేది అందులో సగం, అంటే 26 వాట్లే. ప్రీమియం రకంలో వోల్టేజిని పెంచే విడి యాంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి ఈ హద్దు దాటవచ్చు.

కాని వాట్లు రెట్టింపైతే ధ్వని తీవ్రత పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెట్టింపుగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు పెరగాలి. అంటే పదిరెట్ల వాట్లు కావాలి! అదనపు వాట్ల అసలు ఉపయోగం, మృదంగం మీద పడే బలమైన దెబ్బ కూడా బొంగురుపోకుండా వినిపించడం.

స్పీకర్ ఎక్కడ ఉండాలి?

50 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు. అది ఎటునుంచి వస్తోందో చెవి గుర్తుపట్టలేదు. అందుకే డిక్కీ లేని పికప్‌లో సబ్‌వూఫర్‌ను వెనుక సీటు కింద దాచినా నష్టం లేదు. టైర్ల రొద కూడా ప్రధానంగా తక్కువ పౌనఃపున్యాలదే. అది పాటలోని మంద్ర ధ్వనులనే ముందు కప్పేస్తుంది. అక్కడ సబ్‌వూఫర్ అక్కరకు వస్తుంది. 10,000 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం మాత్రం 3.4 సెంటీమీటర్లే. మోకాలు అడ్డం వచ్చినా ఆగిపోతుంది. కనుక ఆ స్పీకర్లను పైన, అద్దం దగ్గర అమర్చుతారు.

మరో చిక్కు ఉంది. మన డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కుడి స్పీకర్ 70 సెంటీమీటర్లు, ఎడమది 140 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఎడమ ధ్వని 2 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ముందు వచ్చిన దానినే మెదడు నమ్ముతుంది. గాయకుడు కుడి తలుపులో కూర్చుని పాడుతున్నట్లుంటుంది! ప్రీమియం ఆడియోలోని ప్రాసెసర్ కుడి ధ్వనిని అంతసేపు ఆపి, గాయకుడిని డ్రైవరు ఎదుటికి తెస్తుంది. మిగతా సీట్లకు ఈ లెక్క కుదరదు.

చెవుల సంగతి

రొదను జయించడానికి చాలామంది వాల్యూము పెంచుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 80 డెసిబెళ్ళ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెళ్ళకు ఆ కాలం సగమవుతుంది. 90కి చేరితే మిగిలేది 4 గంటలే. రోజూ నోయిడా, గురుగ్రాంల మధ్య తిరిగేవారికి అది కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. పైగా వెనకాల వచ్చే అంబులెన్సు సైరను వినిపించదు.

అందుచేత మీ ఇంట్లో బండి కొనేటప్పుడు స్పీకర్లు లెక్కపెట్టకండి. షోరూములో నిలిపిన బండిలో కాక, రోడ్డు మీద నడిచే బండిలో, మీకు బాగా తెలిసిన పాటను వినండి. వెనుక సీటులో కూడా కూర్చోండి. తక్కువ వాల్యూములోనే మాటలు స్పష్టంగా వినిపిస్తే ఆ ధరకు అర్థముంది. లేకపోతే తలుపులకు రొద తగ్గించే పొర వేయించడం మేలు. నిశ్శబ్దమైన క్యాబిన్‌లో మామూలు స్పీకర్లు కూడా చక్కగా పాడతాయి.