కొలిమి నుండి కారు దాక: స్టూడ్‌బేకరు సంస్థ చరిత్ర

1852వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, అమెరికాలోని ఇండియానా రాష్ట్రమందలి సౌత్‌బెండు పట్టణమున ఇరువురు అన్నదమ్ములు ఒక కమ్మరి కొలిమిని తెరచిరి. పెద్దవాడు హెన్రీ స్టూడ్‌బేకరు, చిన్నవాడు క్లెమెంటు. వారి మూలధనము 68 డాలర్లు. గుఱ్ఱములకు లాడములు కొట్టుట, విఱిగిన బండ్లను బాగుచేయుట, అడిగినవారికి క్రొత్త బండి కట్టి యిచ్చుట వారి వృత్తి. ఆ కొలిమిలో రగిలిన నిప్పు 114 ఏండ్లు ఆఱలేదు.

మఱుసటి యేడు వారి తమ్ముడు జాన్ బంగారమును వెదకుచు కాలిఫోర్నియాకు పోయెను. నేలను త్రవ్వువారు అచట వేలకొలదిగా నుండిరి. మట్టిని మోయుటకు గట్టి బండ్లు మాత్రము కఱవు. జాన్ పలుగు పట్టుట మాని, ప్లాసర్‌విల్లు అను ఊర ఒంటిచక్రపు తోపుడుబండ్లు చేసి అమ్మెను. 1858లో 8,000 డాలర్లతో ఇల్లు చేరి, హెన్రీ వాటాను కొనెను. బంగారము అతనికి దొరకెను; కాని నేలలో గాదు, తన చేతిపనిలో దొరకెను.

అంతర్యుద్ధ కాలమున సైన్యమునకు కావలసిన బండ్లను ఆ సంస్థయే పెక్కింటిని సమకూర్చెను. పీటరు, జేకబు అను తక్కిన తమ్ములును వచ్చి చేరిరి. పందొమ్మిదవ శతాబ్ది ముగియు నాటికి స్టూడ్‌బేకరు బండ్ల కార్ఖానా ప్రపంచమున మిక్కిలి పెద్దవానిలో నొకటి యయ్యెను.

మోటారు యుగము రాగానే గుఱ్ఱపు బండ్లనే నమ్ముకొన్న సంస్థలు పెక్కులు నశించెను. స్టూడ్‌బేకరు మాత్రము 1902లో విద్యుత్తుతో నడచు కారును, 1904లో పెట్రోలు కారును చేసి, 1920లో గుఱ్ఱపు బండ్లకు స్వస్తి చెప్పెను. కాలమును గుర్తించిన వానికి కాలమే తోడ్పడునని ఈ సంస్థ నిరూపించెను.

అయితే 1929 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యమున అధ్యక్షుడు ఆల్బర్టు ఎర్‌స్కిన్ లాభము తగ్గుచున్నను వాటాదారులకు డివిడెండులు ఉదారముగా పంచెను. 1933లో సంస్థ దివాలా స్థితికి వచ్చి న్యాయస్థానము నియమించిన వారి చేతిలోనికి పోయెను. పాల్ హాఫ్‌మన్, హెరాల్డు వాన్స్ అనువారు దానిని తిరిగి నిలబెట్టిరి. ఈ హాఫ్‌మనే 1948లో యూరపు పునర్నిర్మాణమునకై ఏర్పడిన మార్షలు పథకమునకు నిర్వాహకు డయ్యెను.

రెండవ ప్రపంచ యుద్ధమున స్టూడ్‌బేకరు లారీలు సోవియట్ రష్యాకు అసంఖ్యాకముగా పోయెను. యుద్ధానంతరము రూపశిల్పి రేమండ్ లోవీ కార్యశాల వారు తీర్చిన క్రొత్త కారు అందఱికంటె ముందు వీథులకెక్కెను. వెనుక అద్దము మిక్కిలి విశాలముగా నుండుటచే, కారు వచ్చుచున్నదో పోవుచున్నదో తెలియదని హాస్యప్రియులు పరిహసించిరి. అయినను 1950లో అమ్మకములు శిఖరము నందెను.

పతనబీజము ఆ వైభవములోనే యున్నది. కార్ఖానా భవనములు పాతవి. తయారీ వ్యయము హెచ్చు. 1953లో ఫోర్డు, జనరల్ మోటార్సు సంస్థలు పోటాపోటీగా అమ్మకములకు దిగగా చిన్న సంస్థలు నలిగిపోయెను. 1954లో పాకార్డు సంస్థతో కలిసినను మేలు కలుగలేదు. 1959 నాటి లార్కు అను చిన్న కారు కొంత ఊపిరి పోసినది. 1962లో చూపిన అవంతి కన్నులకు పండుగయ్యెను గాని, కార్ఖానాను కాపాడలేకపోయెను. 1963 డిసెంబరులో సౌత్‌బెండు కార్ఖానా మూతపడెను. కెనడాలోని హామిల్టనులో 1966 మార్చిలో కడపటి కారు వెలువడెను.

ఇంతవఱకు ఇది యంత్రముల కథ. ఇక మనుష్యుల కథ. 1950లో సంస్థయు కార్మిక సంఘమును పింఛను ఒప్పందము చేసికొనిరి. అంతకు ముందు పనిచేసిన ఏండ్లకును పింఛను ఇచ్చుటకు అంగీకరించిరి. ఆ సొమ్మును మాత్రము దీర్ఘకాలమున కొద్దికొద్దిగా నిధిలో చేర్చవలెనని నిశ్చయించిరి. నిధి నిండకముందే కార్ఖానా మూతపడెను. అప్పటికే విరమించినవారికిని, 60 ఏండ్లు నిండినవారికిని పూర్తి పింఛను దక్కెను. పదేండ్లు పనిచేసి, 40కిని 60కిని నడుమ వయసున నున్న సుమారు 4,000 మందికి రావలసినదానిలో నూటికి 15 వంతులే ముట్టెను. తక్కినవారికి ఏమియు లేదు. ఏబదితొమ్మిదేండ్ల వాడు, ఇరువది, ముప్పది యేండ్లు చెమటోడ్చినవాడైనను, ఒక్క యేడు తక్కువైనందున ఆ కొద్దిపాటి సొమ్ముతో ఇల్లు చేరవలసివచ్చెను. ఇందు చట్టమును ఉల్లంఘించినవారు లేరు. కాపాడు చట్టమే అప్పటికి లేదు.

ఆ కార్మికుల దురవస్థ అమెరికా శాసనసభలో పదేండ్లపాటు ఉదాహరణముగా నిలిచెను. 1974లో పింఛను నిధుల భద్రతకు చట్టము వచ్చెను. సంస్థ మునిగినను పింఛనుకు హామీ యిచ్చు ప్రభుత్వ సంస్థ ఏర్పడెను. అది స్టూడ్‌బేకరు కార్మికులకు అక్కఱకు రాలేదు. వారి తరువాత వచ్చిన లక్షలాది కార్మికులకు అండ యయ్యెను.

సౌత్‌బెండులోని ప్రదర్శనశాలలో స్టూడ్‌బేకరు బండ్లును కార్లును నేడును చూడవచ్చును. చూచువారు వాని సొంపును మెచ్చుకొందురు. ఆ కార్మికులు మిగిల్చినది మాత్రము అద్దాల వెనుక కానరాదు. అది చట్టమున నిలిచియున్నది.