మీటరు ముఖం ఎటు తిరిగి ఉండాలి?

వ్యాపార సంస్థల నోట ఈమధ్య ఒక మాట తరచు వినబడుతున్నది. వస్తువును గాని, పద్ధతిని గాని తయారుచేసేటప్పుడు దానిని వాడే మనిషిని ముందు పెట్టుకుని తయారుచేయాలట. దీనికి ‘మానవ కేంద్రిత రూపకల్పన’ అని పెద్ద పేరే పెట్టారు. పేరు కొత్తదేగాని సంగతి కొత్తది కాదు. నాగలి పట్టే మనిషి ఎత్తు చూసుకునే మన వడ్రంగి మేడి బిగించేవాడు. కొడవలి పిడి చేతికి ఒదగకపోతే మరునాడే తిరిగి కొలిమి దగ్గరకు వచ్చేది. చేసేవాడు, వాడేవాడు ఒకే ఊళ్లో ఉన్నంతకాలం ఈ మాటకు పేరు పెట్టవలసిన పని పడలేదు. సరుకు ఎక్కడో నగరంలో తయారై లారీ మీద ఊరికి దిగే రోజులు వచ్చాక పడింది.

పాల సంఘానికి ఈ గొడవ ఎందుకని సభ్యులు అడగవచ్చు. సంఘం కూడా వ్యాపారమే. రోజూ రెండు పూటలా సరుకు కొంటుంది, తూస్తుంది, పరీక్షిస్తుంది, డబ్బు చెల్లిస్తుంది. సరుకు తెచ్చే మనిషే ఆ వ్యాపారానికి యజమాని. అటువంటి యజమాని బల్లకు అవతల నిలబడి, ఇవతల ఏమి జరుగుతున్నదో తెలియక ఖాళీ చెంబుతో తిరిగి వెళుతుంటే, ఆ బల్ల వేసిన తీరులోనే లోపం ఉన్నదనుకోవాలి. ఆ తీరును గురించే ఇక్కడ చెప్పదలచాము.

ముందుగా అందరికీ తెలిసిన బోరింగు పంపు సంగతి చూద్దాం. 1960ల చివరి కరువుల తరువాత రాతి నేలల్లో బోర్లు వేసే యంత్రాలు మన దేశానికి వచ్చాయి. బోర్లు పడ్డాయిగాని వాటిమీద బిగించిన పోత ఇనుము పంపులు నిలవలేదు. పాశ్చాత్య దేశాల్లో ఒక్క ఇంటివారు పెరట్లో రోజుకు కొన్నిసార్లు కొట్టుకునేందుకు చేసిన పంపులకు అవి నకళ్లు. మన ఊళ్లో ఒకే పంపును తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఊరంతా కొడుతుంది. పంపు విరిగితే ‘జనానికి వాడుకోవడం తెలియదు’ అని తేల్చేయడం సులభం. అలా తేల్చకుండా, షోలాపూర్‌లో తయారైన ఒక గట్టి పంపును ఆధారం చేసుకుని, యూనిసెఫ్ సహకారంతో మన ఇంజనీర్లు 1970లలో కొత్త పంపును రూపొందించారు. కోయంబత్తూరు ప్రాంతంలో బోర్ల మీద బిగించి, వాడించి, చెడిన చోటల్లా దిద్ది మరీ తయారీకి ఇచ్చారు. అదే ‘ఇండియా మార్క్ 2’. దానిపై ఎవరూ పేటెంటు హక్కు పెట్టుకోలేదు.

అంతటితో పని పూర్తి కాలేదు. మార్క్ 2లో లోపలి వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి. అందుకు పనిముట్లు, మనుషులు, వాహనం కావాలి. పట్టణం నుంచి ఆ బృందం వచ్చేదాకా ఆడవాళ్లు దూరపు బావికి నడవవలసిందే. అందువల్ల తరువాత వచ్చిన మార్క్ 3లో పైపులు కదపకుండా లోపలి పిస్టన్‌ను పైకి తీసే ఏర్పాటు చేశారు. ఊళ్లోవారే మరమ్మతు చేసుకోవడానికి దారి ఏర్పడింది. పంపు కొట్టే మనిషితోపాటు దానిని బాగుచేసే మనిషి కూడా వాడేవారి లెక్కలోకే వస్తాడని ఇందువల్ల తెలుస్తున్నది.

ఇందుకు విరుద్ధమైన కథ ఆఫ్రికాలో జరిగింది. పిల్లలు గుండ్రంగా తిరిగే ఆటబండిని తిప్పుతుంటే నీరు తొట్టిలోకి ఎక్కే ‘ప్లే పంప్’ను దక్షిణాఫ్రికాలో తయారుచేశారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. 2006లో అమెరికా నుంచి పెద్ద ఎత్తున సహాయం ప్రకటించారు. 2010 నాటికి 4,000 పంపులు పెడతామన్నారు. పెట్టిన చోట పిల్లలు ఆటకు విసిగినప్పుడు ఆ బరువైన చక్రాన్ని ఆడవాళ్లే వంగి తిప్పవలసి వచ్చింది. చెప్పినంత నీరు రావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని 2009లో గార్డియన్ పత్రిక లెక్క వేసి చూపింది. ఉద్దేశం మంచిదే, డబ్బుకూ కొదువ లేదు. నీళ్లు మోసే ఆడవాళ్లను ముందుగా అడిగి ఉంటే బిందె పట్టుకుని ఎవరు ఏ వేళకు వస్తారో తెలిసేది.

ఇక పాల దగ్గరకు వద్దాం. మన సంఘాల్లో జరిగే వెన్న పరీక్షకు వెనుక ఇటువంటి కథే ఉన్నది. 19వ శతాబ్దం చివరిలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో రైతులు జున్ను కర్మాగారాలకు పాలు పోసేవారు. బరువును బట్టి డబ్బు. నీళ్లు కలిపినవాడికీ, మీగడ తీసి పోసినవాడికీ, చిక్కటి పాలు పోసినవాడికీ ఒకటే ధర. నిజాయితీపరుడే నష్టపోయేవాడు. పాలలో వెన్న ఎంతో తెలుసుకునే పద్ధతులు లేకపోలేదుగాని అవి ప్రయోగశాలలో రసాయన శాస్త్రజ్ఞుడు చేయవలసినవి. 1890లో అక్కడి విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ ఒక సీసా, కొంత ఆమ్లం, గిర్రున తిప్పే యంత్రం ఉంటే కర్మాగారంలో పనివాడే చేయగల పరీక్షను కనిపెట్టాడు. ఆయన కూడా పేటెంటు తీసుకోలేదు. దాదాపు అదే కాలంలో స్విట్జర్లాండులో గెర్బర్ కనిపెట్టిన పరీక్ష మన సంఘాల్లో స్థిరపడింది. 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాలు బ్యూటిరోమీటరులో పోసి తిప్పడం మన టెస్టర్లకు కొట్టిన పిండి.

1946లో గుజరాత్‌లో ఏర్పడిన ఖేడా జిల్లా సంఘం నుంచి పెరిగిన ఆనంద్ పద్ధతి ఈ పరీక్షను ఊరి సంఘంలోకే తెచ్చింది. పొద్దున పోసిన పాలకు సాయంత్రం, సాయంత్రం పోసినవాటికి మరునాటి పొద్దున డబ్బు ఇచ్చే ఏర్పాటు అందులో ఉండేది. పాలు పోసేందుకు వరుస ఒకటే. ముందు వచ్చినవారు ముందు. ఏ కులమైనా, పది గేదెలున్నా ఒక్కటే ఉన్నా అదే వరుస. ఒక్క లీటరు తెచ్చేవారిని దృష్టిలో ఉంచుకుని చేసిన ఏర్పాట్లు ఇవి. మా దృష్టిలో ఆ వరుస కూడా యంత్రమంత విలువైన రూపకల్పనే.

అయితే గెర్బర్ పరీక్షలో సభ్యులకు కనబడేది తక్కువ. నమూనా సీసా లోపలికి వెళుతుంది. అంకె రిజిస్టరులోకి ఎక్కుతుంది. అది ఎలా వచ్చిందో పోసినవారికి తెలియదు. ఆమ్లంతో టెస్టరు చేతులకు ప్రమాదం; వాడేసిన ఆమ్లాన్ని కేంద్రం వెనుక పారబోస్తే నేలకు చేటు. ఎలక్ట్రానిక్ మిల్క్ టెస్టర్లు వచ్చాక ఆమ్లంతో పని తప్పింది. 1990లలో ఆనంద్ సమీపంలోని వల్లభ్ విద్యానగర్ నుంచి ‘ఆకాశగంగ’ అనే ఏర్పాటు వచ్చింది. తూకం, వెన్న పరీక్ష, లెక్క ఒకదానికొకటి కలిపి, పోసినవారు అక్కడ ఉండగానే అంకె కనిపించేటట్లు, చీటీ చేతికి వచ్చేటట్లు చేశారు. ఇప్పుడు మన సంఘాల్లో కనిపిస్తున్న అల్ట్రాసోనిక్ యంత్రాలు కూడా నిమిషం లోపుననో, కొంచెం అటూ ఇటుగానో వెన్నను, ఎస్.ఎన్.ఎఫ్.ను చూపుతాయి.

ఆ అంకె సభ్యులకు కనబడటం ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో చూడండి. సులువు కోసం వెన్నకు మాత్రమే ధర కడుతున్నామనీ, కిలో వెన్నకు 700 రూపాయలనీ అనుకుందాం. ఒకామె పూటకు 2 కిలోల గేదె పాలు పోస్తుంది. వెన్న 7 శాతం ఉంటే 140 గ్రాములు, అంటే 98 రూపాయలు. అదే పాలకు 6.5 అని పడితే 130 గ్రాములు, 91 రూపాయలు. పూటకు 7 రూపాయల తేడా, రెండు పూటలకు 14, నెలకు 420. ఒక గేదెతో సంసారం నెట్టుకొచ్చే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అర శాతం తేడా మోసం వల్లనే రానక్కరలేదు. పాలలో గాలి బుడగలు ఉన్నా, యంత్రాన్ని సరిగా కడగకపోయినా, గేదె పాలకు ఆవు మీట నొక్కినా అంకె మారిపోతుంది. మీట పొరపాటు ఎదుట నిలబడినవారికి కనబడితే అక్కడికక్కడే సరిపోతుంది. కనబడకపోతే బిల్లు దాకా పోతుంది, తరువాత అనుమానంగా మారుతుంది, ఆ తరువాత పాలు ప్రైవేటు వ్యాపారి క్యానులోకి పోతాయి.

మేము సంఘాలకు వెళ్లినప్పుడు కొత్త యంత్రాలు చాలాచోట్ల చూస్తున్నాము. యంత్రం మంచిదే. దాని అంకెల ముఖం మాత్రం కార్యదర్శి వైపు ఉంటుంది. మరికొన్ని చోట్ల సభ్యుల వైపు ఇంకొక అంకెల పలక ఉన్నా దాని ముందు రిజిస్టర్లు పేర్చి ఉంటాయి. చీటీ మీద అక్షరాలు ఇంగ్లీషు. కొలత లీటర్లలో, ధర కిలోల్లో. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయని తెలియక జరిగే తగవులకు లెక్కలేదు. పాలు పితికేది, మోసుకొచ్చేది ఇల్లాలు. సభ్యత్వం భర్త పేరున, బ్యాంకు ఖాతా భర్త పేరున, సెల్‌ఫోనుకు వచ్చే సందేశం భర్త జేబులో. పద్ధతిని తయారుచేసినవారు ‘సభ్యుడు’ అని రాసుకున్నప్పుడు ఎవరిని ఊహించుకున్నారో ఇక్కడ తెలిసిపోతుంది. కరీంనగర్ ప్రాంతంలో 2002లో మొదలైన ములుకనూరు మహిళా డెయిరీలో సభ్యులు, పాలకవర్గం అందరూ మహిళలే. పాలు పోసే మనిషి, డబ్బు తీసుకునే మనిషి, నిర్ణయం చేసే మనిషి ఒక్కరే కావడానికి ఆ విధంగా వీలు కలిగింది.

నమూనా పాల సంగతి కూడా చెప్పాలి. పూటకు 50 మిల్లీలీటర్ల చొప్పున తీస్తే నెలకు 3 లీటర్లు అవుతాయి. గెర్బర్ పరీక్షకైనా కావలసినది 10.75 మిల్లీలీటర్లే. మిగిలిన పాలు అమ్మి సంఘం ఆదాయంలో వేసుకోవడం తప్పు కాదుగాని, అంత తీయాలా అన్నది సభ్యులు సమావేశంలో తేల్చుకోవలసిన విషయం. కొలిచే చెంచా పరిమాణం తగ్గించడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

కొత్త యంత్రం కొనబోయే పాలకవర్గాలకు మా సూచన ఇది. ధరల పట్టీ చూడటానికి ముందు, తక్కువ పాలు పోసే సభ్యులను ఐదారుగురిని పిలవండి. వారిలో ఆడవాళ్లు, చదువురానివారు, చీకటితోనే కూలికి వెళ్లేవారు తప్పక ఉండాలి. యంత్రం బాగున్నదా అని అడగవద్దు. బాగున్నదనే అంటారు, మర్యాదకు. నిన్న మీ పాలకు ఎంత వెన్న పడింది, ఎలా తెలిసింది అని అడగండి. చీటీ చేతికిచ్చి చదవమనండి. క్యాను ఎత్తి బల్లమీద పెట్టేటప్పుడు పక్కన నిలబడి చూడండి. బల్ల ఎత్తు సరైనదో కాదో నడుమే చెబుతుంది. యంత్రం అమ్మే కంపెనీవారు వస్తే రెండు వారాలపాటు మీ కేంద్రంలోనే పెట్టి చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో ఎంతసేపు నడుస్తుందో, చెడితే ఎన్ని రోజులకు మనిషి వస్తాడో కాగితం మీద రాయించుకోండి.

యంత్రం వచ్చిందికదా అని గెర్బరు సామాను అటక ఎక్కించకండి. వారానికి ఒకసారైనా ఒక ఆవు పాల నమూనాను, ఒక గేదె పాల నమూనాను రెండు విధాలా పరీక్షించి, రెండు అంకెలనూ సభ్యులందరికీ కనబడే నల్లబల్ల మీద తెలుగు అక్షరాలతో రాయించండి. తేడా వస్తుంటే యంత్రాన్ని సరిచేయించాలి. తన పాల అంకెపై అనుమానం ఉన్న సభ్యురాలు అప్పటికప్పుడే మరొకసారి పరీక్ష కోరవచ్చునని పాలకవర్గం తీర్మానం చేసి, ఆ తీర్మానాన్ని కూడా అదే బల్ల పక్కన అంటించవచ్చు. ఇక మీటరును ఇటు తిప్పడానికి తీర్మానం కూడా అక్కరలేదు. ఈ సాయంత్రం పాల వేళకు ముందు కార్యదర్శి, టెస్టరు కలిసి బల్ల జరిపితే చాలు.