తేలికపాటి డేటాబేసు

వెబ్ అనువర్తనాలలో సమాచారాన్ని భద్రపరచుటకు, ప్రత్యేక సర్వరు అవసరం లేకుండా పనిచేయు చిన్న డేటాబేసు సాఫ్టువేరును తేలికపాటి డేటాబేసు అంటారు. వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఎస్‌క్యూలైట్. దీనిని అమెరికాకు చెందిన డి. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేశాడు. దీనిని ఎవరైనా ఉచితంగా వాడుకొనవచ్చును.

పనిచేయు విధానం

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటివి విడిగా నడిచే సర్వరు ప్రోగ్రాములు. ఎస్‌క్యూలైట్ అనువర్తనంలోనే అంతర్భాగంగా ఉంటుంది; పట్టికలన్నీ సాధారణంగా ఒకే ఫైలులో ఉంటాయి. తెలుగు వికీపీడియాకు ఆధారమైన మీడియావికీ సాఫ్టువేరు ఈ రెండు రకాలతోనూ పనిచేయగలదు.

ఉదాహరణ

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంత గ్రామాల వివరాలతో ఒక వెబ్‌సైటు తయారుచేయాలనుకుందాం. 2016 అక్టోబరు 11న పూర్వపు నల్గొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పూర్వపు మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడింది. ప్రతి గ్రామం వరుసలోనూ జిల్లా పేరు వ్రాసి ఉంటే అన్నిటినీ దిద్దవలసి వస్తుంది. గ్రామాలు, మండలాలు, జిల్లాలు వేర్వేరు పట్టికలుగా ఉంటే, మండలం మొత్తంగా మారినపుడు ఆ మండలం వరుసలో జిల్లా సంఖ్యను మార్చిన చాలును. ఈ మార్పులన్నిటినీ ఒకే లావాదేవీగా చేసినచో, మధ్యలో కరెంటు పోయినా సగం మండలాలు పాత జిల్లాలో, సగం కొత్త జిల్లాలో మిగిలిపోవు. అయితే పట్టికల మధ్య సంబంధాల తనిఖీ ఎస్‌క్యూలైట్‌లో సాధారణంగా ఆపివేయబడి ఉంటుంది. ప్రోగ్రాము డేటాబేసును తెరచిన ప్రతిసారీ దానిని ప్రారంభించవలెను. లేనిచో ఉనికిలో లేని జిల్లా సంఖ్య గల మండలం కూడా నమోదు కాగలదు.

ఎంపిక

ఎంపికకు ముఖ్యమైనది సమాచారపు పరిమాణం కన్నా, ఒకే సమయంలో ఎందరు వ్రాస్తారన్నది. ఎస్‌క్యూలైట్ ఫైలును ఒకేసారి ఎందరైనా చదువవచ్చును గాని, ఒక సమయంలో ఒక్కరే వ్రాయగలరు. ఒకరు వ్రాయుచుండగా ఇతరులు చదువుకొనే పద్ధతి 2010లో వచ్చింది. కావున గ్రామాల సమాచారానికి, ఒక పాఠశాల గ్రంథాలయానికి ఇది తగినది. జిల్లాలోని పాఠశాలలన్నీ ఉదయం ఒకే వేళకు హాజరు నమోదు చేయవలెనన్న సర్వరు డేటాబేసు మేలు.

తెలుగు సమాచారం

ఎస్‌క్యూలైట్ యూనికోడ్ సంకేతాలను లెక్కిస్తుంది. "తెలుగు" పదంలో మనకు మూడక్షరాలు, దానికి ఆరు. అకారాది క్రమం కూడా సంకేతాల వరుసనే అనుసరించుట వలన, వర్ణమాలలో హ తరువాత వచ్చే ళ ఇక్కడ ల ప్రక్కనే వస్తుంది. సొంత క్రమాన్ని ప్రోగ్రాము ద్వారా చేర్చుకొనవచ్చును.

జాగ్రత్తలు

వాడుకలో ఉన్న ఫైలును నేరుగా నకలు చేసినచో ఆ నకలు చెడిపోవచ్చును; అందుకై ఉన్న బ్యాకప్ ఆదేశాన్నే వాడవలెను. నెట్‌వర్కు ద్వారా పలు కంప్యూటర్లు పంచుకొనే ఫోల్డరులో ఈ ఫైలును ఉంచుట క్షేమం కాదు.