కాన్సెప్చువల్ ఆర్ట్

గోడకు టేపుతో అతికించిన అరటిపండు. పేరు ‘కమేడియన్’. 2024 నవంబరు 20న న్యూయార్క్‌లోని సోథెబీస్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. ఆ పండును మాత్రం దగ్గర్లోని వీధి అంగడిలో 35 సెంట్లకు కొన్నారు!

వస్తువు కన్నా దాని వెనకున్న ఆలోచనే కళ అనే ధోరణి కాన్సెప్చువల్ ఆర్ట్. అమెరికా కళాకారుడు సోల్ లెవిట్ 1967లో రాసిన వ్యాసంతో ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. కాబట్టి వేలంలో అమ్ముడైంది నిజానికి పండు కాదు, ధ్రువపత్రమూ, ఎలా అతికించాలో చెప్పే సూచనలూ. పండు మగ్గిపోతే ఇంకోటి తెచ్చి పెట్టుకోవచ్చు. ఇటలీ కళాకారుడు మౌరిజియో కటెలాన్ 2019లో మయామీలో దీన్ని మొదట ప్రదర్శించినప్పుడు ధర 1.2 లక్షల డాలర్లు.

కొన్నది క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్. చేతికి చిక్కని నాణేలతో గడించిన మనిషికి నాలుగు రోజులు నిలవని పండు నచ్చడంలో వింతేముంది? నవంబరు 29న హాంకాంగ్‌లో విలేకరుల ఎదుటే ఒలుచుకు తినేశారు.

అదే వారం, ట్రంప్ కుటుంబంతో ముడిపడిన క్రిప్టో సంస్థ వరల్డ్ లిబర్టీ ఫైనాన్షియల్‌లో 3 కోట్ల డాలర్లు పెట్టినట్టు ప్రకటించారు. సన్‌పై 2023లో తాను వేసిన దావాను ప్రస్తుతానికి ఆపాలని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2025 ఫిబ్రవరిలో కోర్టును కోరింది.