ఒకే పొయ్యిలో రెండు ఇంధనములు

విశాఖపట్టణములో ఒకటి రెండు తరములలోనే వంటింటి నిప్పు పలు రూపములు మార్చినది. కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, కిరసనాయిలు స్టౌ క్రమముగ వెనుకకు తగ్గగా వాని స్థానమును గ్యాసు పొయ్యి ఆక్రమించినది. ఇప్పుడు కొన్ని ఇండ్లలో గ్యాసును, విద్యుచ్ఛక్తిని ఒకే చట్రములో ఇమిడ్చిన పొయ్యి కానవచ్చుచున్నది. దీని పైభాగమున గ్యాసు బర్నర్లు, క్రింది భాగమున విద్యుత్తుతో వేడెక్కు ఓవెన్ ఉండును. దీనిని ద్వంద్వ ఇంధనపు పొయ్యి అనవచ్చును.

ఈ కూర్పునకు తగిన కారణము గలదు. గ్యాసు మంట మీట త్రిప్పినంతనే పెరుగును, తగ్గును. పోపు వేయుటకు, పాలు పొంగకుండ కాచుటకు ఇట్టి మంటయే అనుకూలము. రొట్టె, కేకు, బిస్కత్తు వంటివి కాలుటకు నాలుగు వైపుల నుండి ఒకే తీరు వేడి చాలసేపు నిలువవలెను. ఆ పనిని విద్యుత్తు చక్కగ చేయును. గ్యాసు మండునపుడు నీటియావిరి పుట్టును. విద్యుత్ తీగ వేడెక్కునపుడు పుట్టదు. కావున ఓవెన్‌లోని వేడి పొడిగ నుండి రొట్టె పైపొర కరకరలాడును.

గ్యాసు విషయమున తీసికొనవలసిన జాగ్రత్తలు కొన్ని, విద్యుత్తు విషయమున తీసికొనవలసినవి కొన్ని చాలమందికి తెలిసినవే. రెండును ఒక్కచోట చేరుటవలన మూడవ అపాయమొకటి పుట్టుచున్నది. గ్యాసు కారవచ్చును, విద్యుత్తు నిప్పురవ్వను పుట్టింపవచ్చును. ఈ రెంటికిని కలిసికొను అవకాశము లేకుండ చూచుటయే ఈ పొయ్యి వాడకములోని ముఖ్యసూత్రము.

నేలబారున ప్రాకు వాయువు

వంటగ్యాసు ప్రధానముగ ప్రొపేన్, బ్యూటేన్ అను రెండు వాయువుల మిశ్రమము. పీడనము కలుగజేసినచో ఇది ద్రవమగును. ఇంటికి వచ్చు సిలిండరులో 14.2 కిలోగ్రాముల ద్రవముండును. ఒక లీటరు ద్రవము ఆవిరియైనచో సుమారు 250 లీటర్ల వాయువగును. ఈ వాయువు గాలికంటె ఒకటిన్నర మొదలు రెండు రెట్లు బరువైనది. అందుచే కారిన గ్యాసు పొగవలె పైకి పోదు. నీటివలె క్రిందికి జారి, నేలబారున ప్రాకి, పల్లమున నిలుచును.

ఈ స్వభావమెంత భయంకరమో విశాఖపట్టణమునకు అనుభవపూర్వకముగ తెలియును. 1997 సెప్టెంబరు 14వ తేదీ తెల్లవారుజామున అచ్చటి చమురు శుద్ధి కర్మాగారములో, ఓడ నుండి దిగుచున్న ద్రవీకృత వాయువు కారి, నేలనంటుకొని మబ్బువలె వ్యాపించి, నిప్పు తగిలి ప్రేలినది. సుమారు 60 మంది మరణించిరి. వాయువు కారిన చోటును, నిప్పు ఉన్న చోటును ఒకటే కానక్కరలేదు. వాయువే నిప్పును వెదకికొనుచు పోగలదు.

అదే నగరమున డాల్ఫిన్ నోస్ కొండకు సమీపమున, సముద్రమట్టమునకు 150 మీటర్లకు పైగా లోతున, రాతిలో తొలిచిన గుహలలో 60,000 టన్నుల వంటగ్యాసును నిలువ చేయు ఏర్పాటు గలదు. గుహచుట్టు నున్న భూగర్భజలపు ఒత్తిడి లోపలి గ్యాసు ఒత్తిడికంటె హెచ్చుగ నుండుటచే గ్యాసు బయటికి రాజాలదు. అచ్చట కొండ, నీరు కలిసి చేయు కావలి పనిని వంటింటిలో సిలిండరు వాల్వులోని చిన్న రబ్బరు వాషరును, మూరెడు రబ్బరు గొట్టమును చేయవలసియున్నవి.

ఎంత గ్యాసు కారినచో అపాయము? గాలిలో గ్యాసు నూటికి సుమారు 2 పాళ్లు మొదలు 9 పాళ్ల వరకు ఉన్నపుడు అది అంటుకొనును. పొడవు, వెడల్పు మూడేసి మీటర్లు గల వంటింటిలో నేలనుండి 30 సెంటీమీటర్ల ఎత్తువరకు గల గాలి 2.7 ఘనపు మీటర్లు. ఆ పొరలో నూటికి 2 పాళ్లు నిండుటకు 120 గ్రాముల గ్యాసు చాలును. ఇది నిండు సిలిండరులో నూరవవంతు కూడ కాదు. పెద్ద బర్నరు గంటకు సుమారు 150 గ్రాముల గ్యాసును కాల్చును. అనగా మంట ఆరిపోయిన బర్నరు మీట ముప్పావుగంట తెరచియున్న చాలును, ఆ పొర అంతయు అంటుకొనదగిన స్థితికి వచ్చును. బర్నరుకు చేరువనైతే ఆ స్థితి ఇంకను ముందే ఏర్పడును.

తనంతట తాను పుట్టు నిప్పురవ్వ

ఇప్పుడు పొయ్యి క్రింది భాగమును చూడవలెను. ఓవెన్‌లో ఉష్ణోగ్రతను నిలుపు సాధనము థర్మోస్టాట్. ఓవెన్ నిర్ణయించిన వేడికి చేరగనే ఇది కరెంటును తెంచును. చల్లబడగనే మరల కలుపును. పాత తరహా థర్మోస్టాట్లలో లోహపు మొనలు విడిపోవునపుడును, కలిసికొనునపుడును చిన్న రవ్వ పుట్టును. ఈ పని ఎవరును మీట నొక్కకయే కొన్ని నిమిషముల కొకసారి జరుగుచుండును. అదియు నేలకు దగ్గరగ, గ్యాసు ప్రాకు ఎత్తుననే జరుగును. రెఫ్రిజిరేటరు అడుగున నుండు మోటారు మీట సంగతియు ఇట్టిదే.

దీనినిబట్టి కొన్ని నియమములు ఏర్పడుచున్నవి. సిలిండరు మార్చునపుడు బర్నర్లతో పాటు ఓవెన్‌ను కూడ ముందుగనే ఆర్పి, గోడ వద్ద స్విచ్చి తీసివేయవలెను. సిలిండరును నిలువుగ, నేలపై, గాలి ఆడుచోట ఉంచవలెను. ఓవెన్ ప్రక్కన గూటిలో మూసి పెట్టరాదు. గ్యాసు గొట్టము ఓవెన్ వెనుకనున్న వేడి భాగమును తాకరాదు. ఓవెన్‌ను ముట్టించుటకు ముందు పై బర్నర్ల మీటలన్నియు మూసియున్నవో, వెలుగుచున్నవో చూడవలెను. బర్నరును విద్యుత్ రవ్వతో వెలిగించునపుడు కొద్ది క్షణములలో అంటుకొననిచో మీట మూసి, ఒక నిమిషము ఆగి, పోగుపడిన గ్యాసు చెదరిన తరువాతనే మరల ప్రయత్నింపవలెను.

కొన్ని పొయ్యిలలో మంట ఆరినచో గ్యాసును తానే ఆపు ఏర్పాటుండును. బర్నరు ప్రక్కన రెండు వేర్వేరు లోహములను కలిపి చేసిన మొన యొకటి మంటలో వేడెక్కి కొద్దిపాటి విద్యుత్తును పుట్టించును. ఆ విద్యుత్తు ఒక చిన్న అయస్కాంతమును పనిచేయించి వాల్వును తెరచియుంచును. మంట ఆరి మొన చల్లారగనే వాల్వు మూసికొనును. బీచి రోడ్డు వైపు కిటికీలు గల ఇండ్లలో సముద్రపు గాలికి మంట ఆరుట సామాన్యము కావున పొయ్యి కొనునపుడు ఈ ఏర్పాటును అడిగి చూచుట మంచిది.

వాసన వచ్చినపుడు

వంటగ్యాసునకు సహజముగ చెప్పుకోదగిన వాసన లేదు. కారిన సంగతి తెలియుటకై ఇథైల్ మెర్‌కాప్టన్ అను ఘాటైన వాసనగల ద్రవ్యమును కలుపుదురు. అంటుకొనదగిన పాలులో అయిదవవంతు ఉన్నపుడే ముక్కునకు తెలియునట్లు దీనిని కలుపవలెనని నియమము. అనగా వాసన వచ్చినపుడు ఇంకను వ్యవధి గలదు. అయితే చాలసేపు అదే గాలిలో నున్న ముక్కు ఆ వాసనను గుర్తింపజాలదు కావున ఆలస్యము కూడదు.

అపుడు ఏ విద్యుత్ మీటను వేయరాదు, తీయరాదు. దీపము ఆర్పుటయు, గాలి బయటికి పంపు ఫ్యాను వేయుటయు, ఓవెన్ ఆపుటయు అన్నియు రవ్వను పుట్టించు పనులే. మెయిన్ స్విచ్చి ఇంటి వెలుపల, వాసన లేనిచోట ఉన్నచో అచ్చట కరెంటు ఆపవచ్చును. వెలుగుచున్న మంటలను, దీపారాధనను ఆర్పవలెను. రెగ్యులేటరును మూసి, తలుపులు, కిటికీలు బార్లా తెరువవలెను. గ్యాసు నేలబారున నుండును గనుక కిటికీకంటె తలుపు ముఖ్యము. పిదప అందరును బయటికి వచ్చి, అచ్చట నుండి 1906 అను అత్యవసర సంఖ్యకు ఫోను చేయవలెను.

మంట చెప్పు సంగతులు

ఒక పాలు ప్రొపేన్ పూర్తిగ మండుటకు సుమారు 24 పాళ్లు, బ్యూటేన్ మండుటకు 31 పాళ్లు గాలి కావలెను. గాలి చాలినపుడు మంట నీలముగ నుండును. చాలనపుడు పసుపుపచ్చగ నాలుకలు చాచును. పాత్ర అడుగున మసి పట్టును. అట్టి మంటనుండి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువు చేరవలసిన చోటును ఆక్రమించి మనుష్యుని స్పృహ తప్పించును. మూసిన వంటింటిలో తలనొప్పి, వికారము కలిగినచో దీనిని అనుమానింపవలెను.

సముద్రతీరమున ఇచ్చట ఒక చిక్కు గలదు. గాలిలోని ఉప్పు కణములు, పొంగి పడిన ఉప్పునీరు మంటలో చేరినపుడు అందలి సోడియము మంటకు పసుపురంగు నిచ్చును. ఇది అపాయసూచకము కాదు. రెంటిని గుర్తుపట్టుట సులభము. ఉప్పువలన కలుగు పసుపు మెరిసి మాయమగును, పాత్రకు మసి అంటదు. గాలి చాలక కలుగు పసుపు నిలిచియుండి పాత్రను నల్లచేయును. రెండవది కనబడినపుడు బర్నరును తీసి చల్లారిన పిదప సబ్బునీటితో కడిగి, రంధ్రములను మెత్తని బ్రష్షుతో శుభ్రపరచి, పూర్తిగ ఆరిన తరువాతనే అమర్చవలెను. గ్యాసు వచ్చు సన్నని జెట్టులో సూది పెట్టి త్రిప్పరాదు. రంధ్రము పెద్దదైనచో మంట లెక్క తప్పును. గొట్టముల ద్వారా సహజవాయువు వచ్చు ఇంటికి మారినపుడు జెట్లను కూడ మార్పింపవలెను. ఆ వాయువులో ఉష్ణశక్తి తక్కువ కావున దానికి పెద్ద రంధ్రము కావలెను.

విద్యుత్ భాగము

2400 వాట్ల ఓవెన్ 230 వోల్టుల వద్ద 10 ఆంపియర్లకు మించిన కరెంటును తీసికొనును. దీపములకు వాడు సన్నని తీగయు, 6 ఆంపియర్ల సాకెట్టును దీనికి పనికిరావు. 16 ఆంపియర్ల సాకెట్టు, తగిన లావు తీగ, ప్రత్యేకమైన స్విచ్చి కావలెను. ఎక్స్‌టెన్షన్ బోర్డుపై ఓవెన్‌ను నడుపరాదు.

మూడవ పిన్ను ఎర్తునకు సంబంధించినది. బర్నర్లకును, ఓవెన్‌కును లోహపు చట్రమొకటే కావున లోపలి తీగ చట్రమునకు తగిలినచో పై బర్నరు వద్ద గరిటె పట్టిన వారికి కూడ షాకు కొట్టును. ఎర్తు సరిగనున్న ఆ కరెంటు భూమిలోనికి పోయి ఫ్యూజు తెగును. రాతినేలలో, ఎండకాలపు పొడినేలలో ఎర్తు గొయ్యి సరిగ పనిచేయదు. దానికి నీరు పోయించి, ఎలక్ట్రీషియన్‌చే ఏటేట పరీక్ష చేయింపవలెను. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్నచో మరింత రక్షణ. పోవు కరెంటునకు, తిరిగి వచ్చు కరెంటునకు భేదము కనబడగనే అది సరఫరాను తెంచును. ఓవెన్ వేసినపుడెల్ల అది పడిపోవుచున్నచో లోపము ఓవెన్‌లో నున్నదని గ్రహింపవలెను; దానిని తీసివేయించుట ప్రాణాంతకము.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను తాకినపుడు విశాఖ ప్రజలు కొన్ని దినములు విద్యుత్తు లేకయే గడిపిరి. అట్టి వేళ ఈ పొయ్యి పైభాగము పనికివచ్చును. ముందు అగ్గిపుల్ల వెలిగించి, తరువాత మీట త్రిప్పవలెను. అయితే కరెంటు పోయినపుడు ఓవెన్ స్విచ్చి తీయుట మరువరాదు; ఎవరును లేనివేళ కరెంటు వచ్చినచో ఓవెన్ తానే వేడెక్కును. తడిసిన ఓవెన్‌ను పరీక్షింపక వాడరాదు.

కాలానుసారపు జాగ్రత్త

ప్రతి రాత్రియు రెగ్యులేటరును, ఓవెన్ స్విచ్చిని మూయవలెను. సిలిండరు వచ్చినపుడు వాల్వులోని వాషరును, మెడవద్ద వ్రాసిన పరీక్ష గడువును చూడవలెను. ఎ, బి, సి, డి అను అక్షరములు సంవత్సరములోని నాలుగు త్రైమాసములను, ప్రక్కనున్న అంకె సంవత్సరమును తెలుపును. నెలకొకసారి అతుకులన్నింటికి సబ్బునురుగు పూయవలెను. బుడగలు లేచినచో గ్యాసు కారుచున్నదన్నమాట. అగ్గిపుల్లతో ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు. రబ్బరు గొట్టమును 5 సంవత్సరములకు మించి వాడరాదు. ఉప్పుగాలికి క్లిప్పులు, స్క్రూలు త్వరగా తుప్పు పట్టును కావున తీరప్రాంతమున అంతకు ముందే పగుళ్లు, తుప్పు కనబడినచో వెంటనే మార్పింపవలెను.

ఇంటిలో వంట చేయువారొకరికే ఇవి తెలిసిన చాలదు. రెగ్యులేటరు మూయుట, మెయిన్ స్విచ్చి ఎచ్చటనున్నదో చూపుట, వాసన వచ్చినపుడు దీపపు మీట ముట్టకుండుట, ఈ మూడును పిల్లలతో సహా ఇంటిలోని వారందరికిని నేర్పవలెను. గ్యాసు కారినవేళ మొదట వంటింటిలో అడుగు పెట్టువారెవరో ముందుగ చెప్పుట సాధ్యము కాదు.